బుచ్చమ్మ చెలకలో మూయని బోరు

యురేనియం నీళ్ళు చెంబెడు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకొని, ఇంకో చెంబు అడిగిన మనిషిని నేను. పాలమూరు జిల్లా మొత్తంలో ఈ మాట చెప్పుకోగలిగినోడు ఇంకొకడుంటే తీసుకొచ్చి నా ముంగట నిలబెట్టండి.

ఈ ముచ్చట నేను చాలా పెండ్లిళ్ళలో, చాలా టీకొట్ల కాడ చెప్పిన. చెప్పిన ప్రతిసారి చెంబు జర పెద్దగైంది. ఒకసారి వనపర్తి బస్టాండులో చెప్పినప్పుడు అది బిందె అయింది. విన్నాయన నోరు తెరిచి నాకు చాయ్ కూడా తాగించిండు. ఆ చెంబు అసలు సంగతి ఈ రాతలో ముందుముందు చెప్త. మొదలు పని సంగతి.

పని అంటే ఏంది

అణు కరెంటుకు కావలసిన యురేనియం భూమిలో ఎక్కడున్నదో వెతికే శాఖ మాది. నేను సైంటిస్టును కాను. బోరు వేసినంక దాంట్లోకి తాడుకు కట్టిన గొట్టాన్ని దింపి, ఏ లోతున రాయి ఎంత రేడియేషన్ ఇస్తున్నదో చూసేవాణ్ణి. ఆ గొట్టాన్ని ప్రోబ్ అంటం. చేతిలో పట్టుకొని నడిచే మిషన్ ఇంకోటుంటది, కౌంటర్. రేడియేషన్ ఎంత ఎక్కువుంటే అంత తొందర తొందరగా టిక్కుటిక్కుమంటది. ఆత్మకూరు కాడ పుట్టి, ఈ రెండింటినీ మోస్తూ ముసలోణ్ణయి రిటైరైన.

ఈ కొలువులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తరు. "సార్, జుట్టు ఊడుతదా?" అని అడుగుతరు. నా బట్టతల ఈ పనితోనే వచ్చిందని నా పెండ్లాంకు చాలా ఏండ్లు చెప్పిన. నామీద జాలిపడి కూరలో ఎక్కువ నెయ్యి వేసేది. మా నాయనదీ బట్టతలే, మా తాతదీ అంతే. ఫోటోలు దాచిపెట్టిన.

నిజం చెప్పాలంటే, మాలో ఎవరినీ రాయి ఏమీ చేయలేదు. రాయి దూరంగా, కొద్దిగా, భూమి లోపల ఉంటది. మమ్మల్ని భయపెట్టినవి వేరే: నల్లమల ఘాట్‌లో బ్రేకు పట్టని జీపు, తెగితే మనిషిని కోసేసే రిగ్గు తాడు, ఎండ. వీటన్నిటికంటే ఎక్కువ భయపడవలసింది ఇంకోటుంది. ఊరోళ్ళ ముంగట నిలబడి ఏం చెప్పాలె, ఎప్పుడు చెప్పాలె అన్నది. దానికి ఏ మిషనూ లేదు. నేను దాని గురించే రాస్తున్న.

బ్యాగులో దొరికిన యురేనియం

మా క్యాంపు పెద్ద కులకర్ణి సార్. రాయచూరు దిక్కు మనిషి. సన్నగా, ఎండిపోయిన కందికట్టె లెక్క ఉండేటోడు. తెలుగు బాగా మాట్లాడేటోడు గానీ కోపమొచ్చినా, సంతోషమొచ్చినా కన్నడంలోకి దిగిపోయేటోడు. ఆయన దగ్గర నేర్చుకున్నదంతా తిట్లు తినే నేర్చుకున్న.

కొత్తలో వనపర్తి పక్కన ఒక గుట్ట మీద కౌంటర్ పట్టుకొని తిరుగుతుంటే అది ఒక్కసారి పిచ్చెక్కినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను ఏ రాయి మీద నిలబడ్డా అదే తీరు. గుట్టంతా యురేనియమే అనుకున్న. నా పేరు పేపర్లో ఎట్ల రాస్తరో కూడా ఆలోచించుకున్న. కింద ఊర్లోకి దిగి, గద్వాలలో ఉన్న కులకర్ణి సార్‌కు ఫోన్ చేసి, పెద్ద సంగతి దొరికింది, ఉన్నపళంగ రండని చెప్పిన. మిట్టమధ్యాహ్నం ఎండలో గుట్టెక్కి వచ్చిండు పాపం.

వచ్చి కౌంటర్ చూసిండు. రాయిని చూసిండు. తర్వాత నన్ను చూసిండు. నా భుజానికున్న బ్యాగు మీద వేలు పెట్టి, "ఇదేను? ఇదేంది?" అన్నడు.

మిషన్ సరిగ్గా పనిచేస్తుందా లేదా అని పొద్దుగాల చూసుకోడానికి చిన్న బిళ్ళ ఒకటి ఇస్తరు. దాంట్లో కొంచెం రేడియేషన్ ఉంటది. చూసుకున్నంక దాన్ని జీపులో డబ్బాలో పెట్టాలె. నేను సద్దిమూట పక్కన బ్యాగులో వేసుకొని గుట్టెక్కిన.

ఆయన అరవలేదు. బ్యాగు తీసుకొని దూరంగా పెట్టి వచ్చిండు. కౌంటర్ నిమ్మళమైంది.

"మిషన్ అబద్ధం చెప్పలే. నువ్వూ చెప్పలే. ఇద్దరూ కలిసి నన్ను గద్వాల నుంచి ఎండలో నడిపించిన్రు," అన్నడు. దిగుతూ దిగుతూ ఇంకోమాట అన్నడు. "కొలిచేటోడు తన దగ్గర ఏమున్నదో ముందు చూసుకోవాలె."

డ్రిల్లింగ్ ఫోర్‌మన్ మహబూబ్ భాయ్ చాలా రోజులు నన్ను 'బ్యాగు సార్' అని పిలిచిండు.

కొబ్బరికాయ లేసి నిలబడ్డ చోటు

రెండువేల సంవత్సరం తర్వాత వచ్చిన కరువు ఏండ్లు అవి. అప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకటే జిల్లా. మా రిగ్గు లింగాల అవతల, అడవి అంచునున్న ఒక ఊరికి పోయింది. ఊరి పేరు రాయను. ఎందుకో ముందుకు పోతే తెలుస్తది.

అక్కడ పైన పలకల రాయి, కింద గ్రానైట్. ఆ రెండూ కలిసే చోటును మేం అతుకు అనేటోళ్ళం. యురేనియం ఉంటే ఆ అతుకు కాడ ఉంటది. బోరు వేయవలసిన చోటు కుర్మయ్య అనే రైతు చెలకలో వచ్చింది.

మా ఎండు జిల్లాలో రిగ్గు ఊర్లోకి వచ్చిందంటే నీళ్ళ కోసమే. వేరే దేనికోసమైనా భూమికి తూటు పెడతరంటే ఎవరూ నమ్మరు. మేం లారీ నిలిపేసరికే కుర్మయ్య పసుపు, కుంకుమ, కొబ్బరికాయతోని తయారుగా ఉన్నడు. అంతకుముందే అతని చెలకలో ఎండిపోయిన బోర్లు తలా ఒక మూలకు నోరు తెరుచుకొని ఉన్నయి. ప్రతిదానికీ అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి నడిచి, అది లేసి నిలబడ్డ చోటే వేయించిండు.

"సారూ, మిషను జర గీ పక్కకు జరుపుండ్రి. కొబ్బరికాయ గీడ నిలబడ్డది," అన్నడు.

"మాది నీళ్ళ మిషన్ కాదు పెద్దమనిషీ," అన్నడు మహబూబ్ భాయ్.

"మరేం బోరు?"

"రాయి బోరు."

"రాయి కోసం బోరేస్తరా? రాళ్ళు మా చెలక నిండ ఉన్నయ్ గద. పైసల్లేకుంట తీస్కపోండ్రి."

మేం అనుకున్న చోట నేల ఒకవైపు వాలి ఉండి రిగ్గు కుదురుగా నిలబడలేదు. జరపవలసి వచ్చింది. జరిపితే అది సరిగ్గా కుర్మయ్య కొబ్బరికాయ చోటైంది. ఆయన సంబురం అంతా ఇంతా కాదు. కులకర్ణి సార్ కడుపు పట్టుకొని నవ్విండు.

అతుకుదాకా పోకముందే, పైరాయిలోనే నీళ్ళు పడ్డయి. బురద, తర్వాత ఎర్రనీళ్ళు, తర్వాత తేటనీళ్ళు. కుర్మయ్య పెండ్లాం బుచ్చమ్మ కొంగు నడుముకు చెక్కి, ఆ బురదలోనే నిలబడి రెండు చేతులతో ముఖం కడుక్కున్నది.

మేం ఇంకా కిందికి పోయినం. అతుకు దాటినంక నేను ప్రోబ్ దింపిన. పైరాయిలో మీటరు సూది పడుకునే ఉండె. అతుకు కాడికి పోయేసరికి లేసి నిలబడ్డది, కుర్మయ్య కొబ్బరికాయ లెక్కనే. కులకర్ణి సార్ కన్నడంలో ఏదో అన్నడు. ఏండ్ల తరబడి ఖాళీ రాళ్ళు చూసి చూసి అలిసిపోయినోళ్ళం. ఆ పూట క్యాంపులో అందరం పండుగ చేసుకున్నం.

తెల్లారితే బోరు మూయాలె.

మూయాలెనా, వద్దా

మా పద్ధతి ఇది: రాయి చూసుకున్నంక, లోపలి పైపులు గుంజేసి, కింది నుంచి పైదాకా సిమెంటు పాలు పోసి బోరును మూసేయాలె. ఎందుకంటే అతుకు కాడి నీళ్ళు అక్కడనే ఉండాలె. మనం పెట్టిన తూటు గుండా పైకొచ్చి మనుషులు తాగే నీళ్ళలో కలవొద్దు.

మహబూబ్ భాయ్ సిమెంటు సంచులు దింపిస్తుంటే బుచ్చమ్మ వచ్చి వాటి మీద కూర్చున్నది.

"ఏం జేస్తున్నరు?"

"బోరు మూస్తున్నమమ్మా," అన్నడు కులకర్ణి సార్.

"నీళ్ళు వడ్డ బోరా?"

"అవునమ్మా."

"నీళ్ళు పడని బోర్లు గాడ నాలుగు దిక్కుల ఉన్నయ్. అవి మూసుకోండ్రి. నీళ్ళు వడ్డది మూస్తమంటే మీరు యాడి మనుషులు?"

వాళ్ళ బిడ్డ పురుటికి వచ్చి ఉన్నది. ఇంట్లో పసిపిల్ల. ఊరి చేదబావి అడుగంటింది. బొంబాయి దిక్కు కాలువ పనులకు మనుషులను తీసుకుపోయే మేస్త్రీ ఊర్లో తిరుగుతున్నడు. కుర్మయ్య తల వంచుకొని, "బోరుంటే మిరప వేసుకొని ఊర్ల ఉంట సారూ. లేకుంటే బస్సెక్కుత. గంతే," అన్నడు.

నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్త. ఆ క్యాంపులో నీళ్ళున్న జిల్లాలోళ్ళు ఉండి ఉంటే మూసేటోళ్ళు. నేను ఆత్మకూరోణ్ణి, మహబూబ్ భాయ్ వనపర్తోడు, కులకర్ణి సార్ రాయచూరు మెట్టలోడు. నీళ్ళు పడని బోరు కాడ ఇంటి మగోడు మోకాళ్ళ మీద కూలబడడం మేం ముగ్గురం చిన్నప్పటి సంది చూసినోళ్ళమే. నీళ్ళ మీద సిమెంటు పోయడానికి మా ముగ్గురికీ చేతులు రాలేదు. ఇట్లాంటి తప్పు మాలాంటోళ్ళే చేస్తరు.

కులకర్ణి సార్ మధ్యదారి ఆలోచించిండు. కింద అతుకు కాడ మందంగా సిమెంటు బిరడా వేసి, దాని పైభాగం నీళ్ళ బోరుగా వదిలేద్దామన్నడు. లెక్క ప్రకారం అది తప్పు కాదు. బిరడా గట్టిగా కూర్చుంటే కింది నీళ్ళు కిందనే, పైనీళ్ళు పైననే. సిమెంటు పోసినం. ఆరనిచ్చినం. తాడుకు ఇనుపగుండు కట్టి దింపి చూసినం. కావలసిన లోతులో టక్కున తగిలింది. ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం తాడు పట్టుకొని ఆడించి చూసినం. గట్టిగా ఉంది. సంతోషంగా సామాన్లు సర్దుకొని అచ్చంపేట దిక్కు పోయినం.

గట్టిగా తగిలినదల్లా సిమెంటు కాదని మాకు అప్పుడు తోచలేదు. పగుళ్ళలో నీళ్ళు పారుతున్న చోట సిమెంటు పాలు కొట్టుకపోయినయి. పైనుంచి విరిగిన పలకరాయి ముక్క ఒకటి జారి బోరుకు అడ్డంగా ఇరుక్కున్నది. మా గుండు తగిలింది ఆ ముక్కకు. పక్కల సందుల నుంచి కింది నీళ్ళు పైకి వస్తూనే ఉన్నయి. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి: మనం ఏది కావాలని కోరుకుంటున్నమో అదే తాడు చివర తగిలినప్పుడు ఇంకోసారి చూడాలె.

చెంబు

కొన్ని నెలలకు లింగాల మీదుగా పోతూ ఆ ఊర్లో ఆగిన. బోరు ఎట్లున్నదో చూడాలని, అంతకంటే ఎక్కువ బుచ్చమ్మ చిలికిన సల్లకు ఆశపడి. చెలక గుర్తుపట్టరాకుండా ఉండె. మిరప మోకాలెత్తు లేసి పూత మీదున్నది. మోటరు నడుస్తున్నది. సిమెంటు తొట్టిలోకి నీళ్ళు దుంకుతున్నయి. తొట్టి పక్కన బొప్పాయి చెట్టు కూడా వేసిన్రు.

అలవాటుగా కౌంటర్ భుజానికుంది. తొట్టి గట్టు మీద కూర్చుంటే అది జర వేగంగా టిక్కుమన్నది. మొదలు నా బ్యాగు చూసుకున్న. బిళ్ళ లేదు, జీపులోనే ఉంది. పైపు మూతికి ఎర్రటి తుప్పులాంటి పొర పేరుకొని ఉండె. కౌంటర్‌ను దాని దగ్గరికి తీసుకుపోయిన. వేగం పెరిగింది. దూరం జరిపిన. తగ్గింది. మళ్ళీ దగ్గరికి. మళ్ళీ పెరిగింది.

పిచ్చెక్కినట్టు కాదు. అట్లయితే బాగుండు, ఏదో పొరపాటనుకునేటోణ్ణి. జర పెరిగింది, అంతే. పెరిగి అక్కడనే నిలబడ్డది.

బుచ్చమ్మ చెంబు నిండా నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. చంకలో పసిపిల్ల.

"ఏంది సారూ, నీ గడియారం గట్ల కొట్టుకుంటుంది?"

ఇక్కడికొచ్చినం. చెంబు కాడికి. బిందె కాదని మీకు ముందే తెలుసు. ఇంకో చెంబు అడగలేదు. గటగటా కూడా కాదు. చెంబెడు కూడా కాదు, సగం తాగిన. నేను తాగకపోతే వాళ్ళు భయపడతరని తాగిన. తాగి, చెంబు బోర్లించి, "బుచ్చమ్మక్కా, ఈ నీళ్ళ మీద నాకు అనుమానంగ ఉంది. పరీక్ష చేయిస్త. అందాక పిల్లకు పట్టకుండ్రి," అని చెప్పిన. సీసాలో నీళ్ళు పట్టుకొని జీపెక్కిన.

క్యాంపుకు రాగానే కులకర్ణి సార్‌కు సంగతంతా చెప్పిన. ఆయన అడిగిన మొదటి మాట, "వాళ్ళకు చెప్పినవా?"

"చెప్పిన సార్."

"ఆయ్తు, సరే," అన్నడు. సీసా అదే రోజు హైదరాబాదు పంపించిండు.

ఫలితం వచ్చేదాకా గడిచిన రోజులు నాకు ఈ కొలువంతటిలో చెడ్డ రోజులు. కౌంటర్ చెప్పింది పైపు పొర గురించి. నీళ్ళలో ఏమున్నదో, ఎంతున్నదో అది చెప్పదు. ఏమీ లేకపోవచ్చు. ఉండొచ్చు. అన్నం ముద్ద ఎత్తినప్పుడల్లా ఆ పసిపిల్ల నోట్లో నీళ్ళ గ్లాసు కనబడేది. చెప్పినంక ఇంత గుబులెందుకని మీరు అడగొచ్చు. చెప్పిన మాట విన్నరో లేదో అని అనుకునేటోణ్ణి.

ఫలితం వచ్చింది. తాగే నీళ్ళలో ఉండవలసినదానికంటే యురేనియం ఎక్కువుంది. రేపే ఎవరో పడిపోయేంత కాదు. ఏండ్ల తరబడి తాగితే కిడ్నీలకు చేటు. పసిపిల్లలకు అసలే వద్దు. రేడియేషన్, రేడియేషన్ అని అందరం జడుసుకుంటం గానీ, నీళ్ళలో కలిసిన యురేనియం మొదలు చేసేది కిడ్నీల మీద దెబ్బ. కాగబెట్టినా పోదు.

ఆ సంగతి తెలిసి పై ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసిండు. ఫోన్ కులకర్ణి సార్ చెవి కాడ ఉన్నా నాకు మాటలు వినబడినయి. "బోరు చెడిపోయిందని చెప్పి మూసేయండి. యురేనియం మాట ఎందుకు? ఊర్లన్నీ లేస్తే మన రిగ్గు ఇంకెక్కడా నిలబడదు."

"ఇల్ల, కుదరదు," అన్నడు కులకర్ణి సార్. "అబద్ధం చెప్పి బోరు మూస్తే, రేపు ఇంకో ఊర్లో మనం నిజం చెప్పినా ఎవరూ వినరు. నేను పోయి చెప్త."

ఫోన్ పెట్టేసినంక, "నన్ను బదిలీ చేస్తరేమో," అన్నడు. బాసుల గురించి చాలా చెడ్డగా చెప్పగలను, చాలామందిని చూసిన. ఈయన గురించి మాత్రం ఇదొక్కటి చెప్త. భయపడుకుంటనే పోయిండు.

కుర్మయ్య అడిగిన మాట

ముగ్గురం పోయినం. బుచ్చమ్మ తలమీద బిందెతోని బడి కాడి చేతిపంపు నుంచి నడిచొస్తున్నది. ఇంటి ముంగట బోరు పెట్టుకొని అంత దూరం నుంచి ఎందుకు మోస్తున్నవని కులకర్ణి సార్ అడిగిండు.

"పసిదానికి. బోరు నీళ్ళు పడ్తలేను," అన్నది.

సార్ నా దిక్కు తిరిగి భుజం తట్టిండు. "మంచి పని చేసినవ్," అన్నడు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

చెలకలోనే నిలబడి అన్నీ విడమరిచి చెప్పిండు. యురేనియం అన్నడు, బిరడా కూర్చోలేదన్నడు, తప్పు మాదే అన్నడు. కుర్మయ్య మిరపచెట్ల దిక్కు చూసిండు.

"తాగం. చేనుకే పారిచ్చుకుంటం," అన్నడు.

"బోరు తెరిచి ఉంటే కింది నీళ్ళు పైకొచ్చి పక్కోళ్ళ బోర్లలో కలుస్తయి కుర్మయ్యా."

"మీ యురేనియంతోని ఏమైతది?"

"కరెంటు తయారైతది."

"కరెంటొస్తే నా మోటరు నడుస్తది."

"అవును."

"నా బోరు మూసి నాకు కరెంటిస్తరు. మోటరు దేంట్ల దింపాలె?"

అణు కరెంటు మీద చాలా పెద్దోళ్ళ ఉపన్యాసాలు విన్న. పెద్ద పెద్ద ప్రశ్నలు విన్న. దీనికంటే సూటిది వినలేదు. ఇంకో చోట నీళ్ళ బోరు వేయించి ఇయ్యమని కులకర్ణి సార్ పైవాళ్ళను అడిగిండు. మన పని యురేనియం, నీళ్ళు కాదని చెప్పిన్రు.

రిగ్గు తెప్పించి ఇరుక్కున్న రాయిని పగలగొట్టి, ఈసారి కింది నుంచి పైదాకా సిమెంటు పోసినం. మిరప పూత మీదున్నది. కుర్మయ్య, ఆయన తమ్ముడు మేస్త్రీ వెంట బస్సెక్కిన్రు. బుచ్చమ్మ ఊర్లోనే ఉండి, వచ్చిన కాడికి పచ్చిమిరపకాయ తెంపి లింగాల అంగట్ల అమ్ముకున్నది.

అదే సమయంలో కులకర్ణి సార్ ఊర్లోని మిగతా నీళ్ళన్నీ పరీక్ష చేయించిండు. బడి చేతిపంపు మంచిగనే ఉంది. మేం పుట్టకముందు తవ్విన చేదబావిలో మాత్రం మా బోరులో ఉన్నంత కాకపోయినా, ఉండవలసినదానికంటే ఎక్కువే వచ్చింది. అది మేం చేసింది కాదు, రాయి చేసింది. అక్కడి తాతముత్తాతలంతా అవే నీళ్ళు తాగిన్రు. మేం పోకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మేం పోయినందుకు ఇంకో తూటు నుంచి కూడా వచ్చింది. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి చెప్పి రెండోది మింగేటోళ్ళను రెండు దిక్కులా చూసిన.

నేనేమనుకుంటున్న

ఇన్నేండ్ల తర్వాత కూడా నేను అణు కరెంటు వద్దనేటోణ్ణి కాను. బొగ్గు కాల్చే ప్లాంటు పక్కన బూడిద మింగుతున్న ఊర్లను చూసిన. పిడికెడు యురేనియం లారీల కొద్దీ బొగ్గు పని చేస్తది. ఎండ ఉన్నా లేకున్నా, గాలి వీచినా వీచకున్నా రాత్రింబవళ్ళు కరెంటు ఇస్తది. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

అయితే ఖర్చు లెక్క చెప్పేటప్పుడు రియాక్టరు కట్టిన ఖర్చు చెప్పి ఆపేస్తరు. వాడినంక మిగిలే చెత్తను ఎన్ని తరాలు కాపలా కాయాలెనో చెప్పరు. ఎక్కడో ఏమీ దొరకని గుట్టల మీద మేం ఏండ్లకేండ్లు తిరిగింది చెప్పరు. కుర్మయ్య ఎక్కిన బస్సును ఏ లెక్కలోనూ వేయరు. ఆ ఊరి కింద దొరికిన యురేనియంతో ఇప్పటిదాకా ఒక్క బల్బు కూడా వెలగలేదు. గని రాలేదు. వస్తదేమోనన్న భయం మాత్రం వచ్చింది, ఇంకా పోలేదు. ఆ ఊరి మిరపకాయ అంటే అంగట్లో వెనకాముందు ఆడేటోళ్ళు ఇప్పటికీ ఉన్నరు. అందుకే పేరు రాయలేదు.

ప్రమాదం గురించి అడిగితే, రియాక్టరు పేలుడు సంగతి నాకు తెలియదు, నేనెప్పుడూ రియాక్టరులో పనిచేయలేదు. నాకు తెలిసిన ప్రమాదం చిన్నది. జాలిపడి ఒక పద్ధతి సగం పాటించడం. గట్టిగా తగిలింది గదా అని నమ్మడం. ఇవి దొంగలు చేసే తప్పులు కావు, మంచోళ్ళు చేసేవి. అందుకే వాటికి ఎవరూ కాపలా కాయరు.

కొత్తగా వచ్చే పిల్లలకు ఒక్కటే చెప్త. అనుమానమొచ్చిన రోజే, ఫలితం కోసం ఎదురుచూడకుండా, తాగేటోళ్ళకు నోరు తెరిచి చెప్పండి. నేను చెప్పినట్టు.

చదివి వినిపించినంక

ఇదంతా రాసి, అచ్చుకు ఇచ్చే ముందు బుచ్చమ్మకు వినిపించాలని పోయిన. ఎత్తిపోతల నీళ్ళొచ్చినంక వాళ్ళు మళ్ళీ ఆ చెలకనే చేస్తున్నరు. కుర్మయ్యకు చెవుడొచ్చింది. మంచంలో కూర్చొని నేను ఆగిన కాడల్లా తల ఊపిండు. బుచ్చమ్మ చాటలో పల్లికాయ ఒలుచుకుంట విన్నది. ఎక్కడా అడ్డం రాలేదు. అయిపోయినంక చాట పక్కకు పెట్టింది.

"కన్నడపాయన గురించి మంచిగ రాసినవ్. గది ఉంచు," అన్నది. "బోరు మూసేటప్పుడు ఆయన కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. గది రాయలే. రాయి."

"రాస్త అక్కా."

"చెంబు ముచ్చట తీసెయ్."

"ఎందుకు? సగమే అని ఒప్పుకున్న గద."

"నేను చెంబు నీ చేతికిచ్చి పిల్లకు గుడ్డ తెద్దామని గుడిసెలకు పోయిన. తడక సందుల నుంచి చూసిన. చెంబు బోర్లిచ్చినవ్, నిజమే. బొప్పాయి చెట్టు మొదట్ల బోర్లిచ్చినవ్."

నేను కాగితాలు సర్దుకుంటున్నట్టు చేసిన.

"నేను బయటికొచ్చి మళ్ళ అడిగిన, ఏంది సారూ గట్ల కొట్టుకుంటుంది అని. బ్యాటరీ పోయినట్టుంది అన్నవ్. అనుమానం లేదు, పరీక్ష లేదు, పిల్లకు పట్టకు అన్నది లేదు. సీసాల నీళ్ళు పట్టుకొని ఉరికినట్టు జీపెక్కినవ్. మిషను మోసుకొని తిరిగెటోడే నా నీళ్ళు పారబోసిండంటే నా మన్మరాలికి ఎట్ల పడ్త? ఆ పొద్దే బంద్ వెట్టిన. మీ ఫలితం గిలితం నాకు ఎనకొచ్చింది."

కుర్మయ్య ఏం వినబడిందో ఏమో, తల ఊపిండు.

బుచ్చమ్మ చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నది. "కొత్త పిల్లలకు చెప్తున్నవ్ గద, సక్కగ చెప్పు. గా సగం చెంబు గూడ కొట్టెయ్. చుక్క తాగలే నువ్వు."